యుద్ధం కనిపించని యుద్ధకాల చిత్రం

యుద్ధకాలంలో పుట్టిన కళాకృతిలో యుద్ధం కనిపించి తీరవలెనా? కనిపించనప్పుడు ఆ కళాకారుడు తన కాలానికి ద్రోహం చేసినట్లేనా? కవిత్వం విషయంలో ఈ ప్రశ్నలు మన విమర్శకులు పలుమార్లు వేసికొన్నవే. చిత్రకళ దగ్గరకు వచ్చేసరికి ఇవి మరింత పదునెక్కుతాయి. పద్యం చదివేవాడు అర్థంకోసం కొంతసేపైనా ఆగుతాడు. చిత్రం చూచేవాడు కంటికి కనబడినదే సర్వమని తలచి, క్షణంలో తీర్పు చెప్పి ముందుకు సాగిపోతాడు. గోయా యుద్ధ బీభత్సాలను గూర్చి చెక్కిన ముద్రణచిత్రాలను గాని, 1937లో పికాసో చిత్రించిన ‘గెర్నికా’ను గాని చూచినప్పుడు ఇవి యుద్ధాన్ని గురించినవని వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. కాని ఒక తోట, ఆ తోటలో కుట్టుపని చేసికొంటున్న ఒక గృహిణి, ఇంటిలో పియానో ముందు కూర్చున్న పిల్లలు, ఇంతమాత్రమే ఉన్న పటాన్ని చూపి ‘ఇది యుద్ధకాల చిత్రం’ అంటే, వినేవాడు మన ముఖంవంక అనుమానంగా చూస్తాడు.

అటువంటి చిత్రం ఒకటి ఉన్నది. ఫ్రెంచి చిత్రకారుడు ఆన్రీ మతీస్ 1917లో చిత్రించిన ‘సంగీత పాఠం’ అది. ఇప్పుడు అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో, బార్న్స్ ఫౌండేషన్ చిత్రశాలలో ఉన్నది. ఎనిమిది అడుగుల ఎత్తు, ఆరున్నర అడుగుల వెడల్పు గల పెద్ద పటం. దానిని అర్థం చేసికొనే మార్గమేదో విచారించడం కేవలం ఒక చిత్రాన్ని గురించిన ముచ్చట కాదు. తరగతిగదిలో పాఠ్యభాగానికి అర్థం చెప్పే ప్రతి ఉపాధ్యాయునికీ, పరీక్షలో ‘కవి హృదయాన్ని వివరింపుము’ అన్న ప్రశ్నను ఎదుర్కొనే ప్రతి విద్యార్థికీ అందులో ఒక పాఠం ఉన్నదని నా అభిప్రాయం.

ముందుగా పటంలో ఉన్నదేమో చూతము. పారిస్ నగరానికి నైరుతి దిక్కున ఇస్సీ లె మూలినో అనే ఊరిలో మతీస్ 1909 నుంచి కాపురమున్న ఇల్లు అది. ముందుగది. కుడివైపున పియానో. దాని ముందు చిన్న కుమారుడు పియేర్, ప్రక్కనే అక్క మార్గెరీత్. ఎడమవైపు పెద్దకుమారుడు జాన్ కుర్చీలో కూర్చుండి పుస్తకం చదువుకొంటున్నాడు. పియానోమీద హైడన్ సంగీతపు ప్రతి. ఎవరూ వాయించని వయొలిన్ ఒకటి. గదికి వెనుక పెద్ద కిటికీ. ఆ కిటికీకి ఆవల తోట. ఆకులు ఒకదానిమీద ఒకటి పడి, గదిలోనికి చొచ్చుకొని వస్తాయా అన్నంత దట్టంగా పెరిగిన తోట. ఆ పచ్చదనం నడుమ ఒక చిన్న కొలను. కొలను దగ్గర పడుకొని ఉన్న నగ్నస్త్రీ శిల్పం. అది మతీస్ తానే 1907లో మలచిన చిన్న విగ్రహం. దానిని ఇక్కడ ఎన్నో రెట్లు పెంచి చిత్రించినాడు. ఆ శిల్పానికీ గదికీ మధ్య, ఇంటికి వెలుపల, తోట అంచున కూర్చుండి తలవంచి కుట్టుకొంటున్నది ఆయన భార్య అమేలీ.

పటమంతా ఇంతే. తుపాకి లేదు; యూనిఫారం లేదు; కన్నీరు లేదు. రంగులు ప్రసన్నంగా ఉన్నవి. ఒక్క సంగతి మాత్రం కొంచెం నిలిచి చూచేవారికి తడుతుంది. నలుగురు మనుష్యులు ఒకే పటంలో ఉన్నారు గాని ఏ ఒక్కరూ మరొకరివంక చూడడం లేదు. మనవంకా చూడడం లేదు. ఎవరి పనిలో వారున్నారు. ఇంటి యజమాని పటంలో లేనే లేడు. మతీస్ వయొలిన్ వాయించేవాడని తెలిసినవారు, పియానోమీది ఆ వయొలిన్ ఆయనకు బదులుగా ఉన్నదని చెబుతారు. ఆ మాట పొసగుతుందనే నాకూ తోస్తుంది.

ఇక కాలాన్ని చూతము. 1914 ఆగస్టులో యుద్ధం ప్రారంభమైన కొద్దివారాలకే జర్మను సేనలు ఉత్తర ఫ్రాన్సును ఆక్రమించినవి. మతీస్ పుట్టిన ల కాటో, పెరిగిన బోయెన్, రెండూ శత్రువుల అధీనమైనవి. ఆయన వృద్ధమాత బోయెన్‌లో చిక్కుపడిపోయింది. తమ్ముని జర్మనులు బందీగా తమ దేశానికి తరలించినారు. నలుబదినాలుగేండ్ల మతీస్ సైన్యంలో చేరబోతే వయస్సూ గుండె బలహీనతా చూపి ఆయనను తీసికొనలేదు. ఆ ఉత్తర ఫ్రాన్సు నేల మనకు పూర్తిగా పరాయిది కూడా కాదు. 1915 మార్చిలో న్యూవ్ షపెల్ దగ్గర భారత సైనికులు పోరాడి వేలసంఖ్యలో నష్టపోయినారు. వారి స్మారకం 1927 నుంచి అక్కడ నిలిచి ఉన్నది. 1917 ఏప్రిల్‌లో ఫ్రెంచి సేనాని నీవెల్ జరిపించిన మహాదాడి విఫలమైనది. దాని తరువాత ఫ్రెంచి సైన్యంలోనే అనేక దళాలు దాడికి కదలమని ఎదురు తిరిగినవి. ఆ సంవత్సరమే పదునెనిమిదేండ్ల జాన్ సైన్యంలో చేరవలసి వచ్చింది. మరుసటి సంవత్సరం పియేర్ వంతు. అనగా ఈ పటంలో పుస్తకం చదివేవాడూ, పియానో ముందు కూర్చున్నవాడూ ఇద్దరూ యుద్ధం పిలుపునకు అందుబాటులో ఉన్న బాలురే.

ఇప్పుడు వ్యాఖ్యాతలు రెండు పక్షాలుగా చీలుతారు. మొదటి పక్షంవారికి ఈ చిత్రం పలాయనం. దేశం తగలబడుతుంటే తోటను చిత్రించినాడు, కొడుకును చంపడానికో చావడానికో పంపబోతూ సంగీత పాఠం అని పేరు గల పటం వేసినాడు అని వారి అభియోగం. మతీస్ చేతులారా వారికొక ఆయుధాన్ని కూడా ఇచ్చినాడు. 1908లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, తన కళ అలసిన మనిషికి మంచి వాలుకుర్చీవంటి విశ్రాంతినివ్వవలెనని కోరుకొన్నాడు. ఆ మాట ఆయనను జీవితాంతం వెంటాడింది. 1917 చివర ఆయన దక్షిణ సముద్రతీరాన ఉన్న నీస్ పట్టణానికి వెళ్లి, ఆ తరువాత ఏండ్ల తరబడి వెలుగు నిండిన గదులనూ విలాసవతులైన స్త్రీలనూ చిత్రించడంతో ఈ పక్షానికి మరింత బలం చేకూరింది.

రెండవ పక్షంవారు దీనికి పూర్తిగా ఎదురుదిశలో పోతారు. యుద్ధకాలమని తెలిసింది కనుక పటంలో ప్రతి వస్తువునూ యుద్ధానికి సంకేతంగా మార్చివేస్తారు. కొలను కన్నీళ్లు, పడుకొన్న శిల్పం నేలకొరిగిన సైనికుడు, సూది బల్లెం, దట్టమైన ఆకులు చుట్టుముట్టిన శత్రుసేన. ఇటువంటి వ్యాఖ్య వినడానికి గంభీరంగా ఉంటుంది. విద్యార్థులకు ఎంతో నచ్చుతుంది కూడా. కాని దీనిలో ఒక పెద్ద లోపం ఉన్నది. ఈ పద్ధతిలో ఏ పటానికైనా ఏ అర్థమైనా చెప్పవచ్చును. తేదీ చూడక ముందు లేని అర్థం తేదీ చూచిన మరుక్షణం ప్రతి ఆకునుంచీ పుట్టుకొని వచ్చిందంటే, అది పటం చెప్పినది కాదు, తేదీ చెప్పించినది.

ఈ రెండు పక్షాలకూ సమాధానం మన అలంకారశాస్త్రంలోనే దొరుకుతుంది. శబ్దానికి వాచ్యార్థం ఒకటి. అది పొసగనిచోట లక్ష్యార్థం. రెంటికీ అతీతంగా వ్యంగ్యార్థం. ‘గంగలో గొల్లపల్లె’ అన్నప్పుడు నీటిలో పల్లె ఉండజాలదు కనుక గంగ ఒడ్డున అని గ్రహిస్తాము. ‘సూర్యుడస్తమించినాడు’ అన్నప్పుడు వాచ్యార్థానికి ఏ బాధా లేదు. అయినా పసులకాపరికి మందను తోలుకొనిపోవలెనని, కూలివానికి పని చాలించవలెనని, సంధ్యోపాసకునికి నీటి ఒడ్డుకు పోవలెనని వేరువేరు అర్థాలు స్ఫురిస్తాయి. తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరదేశపు ఆనందవర్ధనుడు దీనికే ధ్వని అని పేరు పెట్టి కావ్యానికి ఆత్మగా ప్రతిష్ఠించినాడు. ఇక్కడ మనం గమనించవలసినవి రెండు. వ్యంగ్యార్థం వాచ్యార్థాన్ని ఆశ్రయించే పుడుతుంది. సూర్యుడు నిజంగా అస్తమించవలె. రెండవది, ఆ అర్థాన్ని నియమించేవి ఉన్నవి. భర్తృహరి వాటిని లెక్కించినాడు. ప్రకరణమూ దేశమూ కాలమూ అందులో చేరినవే. అనగా కాలం అర్థాన్ని నియమిస్తుంది, సృష్టించదు.

మొదటి పక్షంవారు కాలాన్ని కేవలం నేరస్థుణ్ణి పట్టి ఇచ్చే సాక్షిగా వాడుకొన్నారు. రెండవవారు వాచ్యార్థాన్ని తోసివేసి, ప్రతిదానినీ ‘గంగలో గొల్లపల్లె’గా చేసినారు. కాని అమేలీ తోటలో కుట్టుకొంటున్నదన్న వాచ్యార్థానికి ఏ బాధా లేదు. ఆమె నిజంగానే కుట్టుకొంటున్నది. తోట నిజంగానే తోట. ఆ నిజాన్ని నిలుపుకొంటూనే ఈ పటం మరేమి ధ్వనిస్తున్నదో అడగవలె.

అడగడానికి ఉత్తమ మార్గం, కవి వాడిన పదాన్ని ఆ కవి ఇతర పద్యాలలో వెదికినట్లే, చిత్రకారుని వస్తువును ఆయన ఇతర చిత్రాలలో వెదకడం. ఇక్కడి వస్తువులు రెండు: కిటికీ, కుట్టుకొనే తల్లి.

కిటికీ మతీస్‌కు అత్యంత ప్రియమైన వస్తువు. యుద్ధం వచ్చిన 1914లోనే ఆయన కొల్యూర్ అనే సముద్రతీర గ్రామంలో ఒక కిటికీని చిత్రించినాడు. అది ఇప్పుడు పారిస్‌లోని పొంపిడూ కేంద్రానికి చెందినది. తలుపులు తెరిచే ఉన్నవి. వెలుపల ఉన్నది కేవలం నలుపు. సముద్రం లేదు, ఆకాశం లేదు. విచిత్రమేమంటే, ఆ నలుపు క్రింద బాల్కనీ కమ్ములు, చెట్లు ఉన్న జాడలు పరీక్షగా చూస్తే కనబడతాయి. ముందు లోకాన్ని చిత్రించి, తరువాత దానిని నల్లరంగుతో కప్పివేసినాడన్నమాట. తరువాత 1916లో ఇస్సీలోని ఈ గదినే ‘పియానో పాఠం’ అనే పటంగా చిత్రించినాడు. ఇది న్యూయార్క్‌లోని ఆధునిక కళా సంగ్రహాలయంలో ఉన్నది. అక్కడ గది అంతా బూడిదరంగు. పియేర్ ఒక్కడే పియానో వెనుక బిగుసుకొని ఉన్నాడు. వాని ముందు తాళమానాన్ని కొలిచే యంత్రం. తలకు పైగా గోడమీది పటంలోని స్త్రీ కఠినమైన ఉపాధ్యాయినివలె కూర్చున్నది. తోట ఒక ఆకుపచ్చని త్రికోణం మాత్రమే. కోసిన ముక్కవలె ఉన్నది. ఆ తోటలో ఎవరూ లేరు.

మరుసటి ఏడు వచ్చింది ‘సంగీత పాఠం’. అదే గది, అదే పియానో, ఇంచుమించు అదే పరిమాణం గల పటం. మూడు కిటికీలనూ వరుసగా పెట్టి చూడండి. 1914లో వెలుపల చీకటి. 1916లో వెలుపల ఒక పచ్చని చీలిక. 1917లో వెలుపల పూర్తి తోట, ఆ తోటలో ఒక మనిషి. ఈ వరుస మాటలలో పెట్టక ముందే ఒక అర్థాన్ని చెబుతున్నది. లోకాన్ని తుడిచివేసిన చేయి, మెల్లమెల్లగా ఒక్కొక్క ఆకు చొప్పున దానిని తిరిగి తెచ్చుకొంటున్నది. యుద్ధం తగ్గుతున్నందువల్ల కాదు. యుద్ధం తన గుమ్మం దాకా వచ్చినందువల్ల. నల్లని కిటికీని చిత్రించిన మనిషికి చీకటి తెలియదని అనలేము. చీకటి తెలిసినవాడు చిత్రించిన పచ్చదనాన్ని అజ్ఞానమని పిలవడం అన్యాయం.

రెండవ వస్తువు కుట్టుపని. యుద్ధానికి పూర్వం, 1911లో, మతీస్ తన కుటుంబాన్ని ఒక పటంలో కూర్చినాడు. అది ఇప్పుడు సెంట్ పీటర్స్‌బర్గులోని హెర్మిటాజ్‌లో ఉన్నది. అందులో బాలురిద్దరూ పలకమీద పావులాడుకొంటున్నారు. మార్గెరీత్ పుస్తకం పట్టుకొని నిలుచున్నది. అమేలీ సోఫామీద కూర్చుండి కుట్టుకొంటున్నది. నలుగురూ ఒకే గదిలో, పూల నేతల కంబళ్ల నడుమ ఉన్నారు. ఆరేండ్ల తరువాత అదే కుటుంబం, అదే కుట్టుపని. ఒక్కటే మార్పు. తల్లి గదిలో లేదు, తోటలో ఉన్నది. కిటికీ ఆమెనూ బిడ్డలనూ వేరుచేస్తున్నది. ఆ కిటికీ తెరిచే ఉన్నది కనుక విడిపోయినారని అనలేము. నడుమ గోడ ఉన్నది కనుక కలిసి ఉన్నారనీ అనలేము.

తోటలో ఇద్దరు స్త్రీలున్నారని కూడా మరువరాదు. కొలను దగ్గరి శిల్పం పెద్దది, నగ్నమైనది, ఏ పనీ లేక సోలిపోయినది. అది మతీస్ తొలినాళ్ల స్వప్నం. వాలుకుర్చీ కళకు ప్రతిమ. కుర్చీలోని అమేలీ చిన్నది, ఒడలినిండా బట్ట కట్టినది, పనిలో మునిగినది. స్వప్నం విశ్రాంతి తీసికొంటున్నది. మనిషి పని చేస్తున్నది. పెండ్లయిన తొలిరోజులలో టోపీల దుకాణం నడిపి సంసారాన్ని నిలిపినది ఈమె. భర్తకు తనకంటె ముందు కలిగిన మార్గెరీత్‌ను తన బిడ్డగా పెంచినదీ ఈమే. ఆ చరిత్ర తెలియని వారికి కూడా పటం ఈ తేడాను చూపుతున్నది. తల్లి కుడుతున్నదేమో తెలియదు. కుట్టడమంటే మాత్రం రేపు ఒకటి ఉన్నదనీ, రేపు ఆ బట్ట ఎవరో తొడుగుకొంటారనీ నమ్మడం. 1917లో ఒక తల్లికి ఆ నమ్మకం చిన్న సంగతి కాదు. ఈ పటంలో యుద్ధం ధ్వనించేచోటు ఇదే అని నేననుకొంటాను. అది ఏ సంకేతంలోనూ దాగలేదు. త్వరలో చెదిరిపోబోయే నలుగురినీ, ఇంకా చెదరక ముందు, ఎవరి పనిలో వారుండగా నిలిపి ఉంచిన ఆ నిలుపుదలలో ఉన్నది.

ఇక్కడ మన సాహిత్యం చదివినవారికి ఒక ఆకర్షణ ఎదురవుతుంది. యుద్ధమూ, తోటా, తోటలో స్త్రీ అనగానే అశోకవనంలోని సీత స్మరణకు వస్తుంది. అందమైన ఉద్యానం విరహంలో దుఃఖాన్ని రెట్టింపు చేస్తుందనీ, అది ఉద్దీపన విభావమనీ మనం చదువుకొన్నాము. వెంటనే అమేలీని శోకమూర్తిగా చేయబుద్ధి పుడుతుంది. కాని విభావం ఒక్కటే చాలదు. అనుభావం కూడా ఉండవలె. సీత చెదరిన జడ, మాసిన చీర, ఆహారం మానిన దేహం కావ్యంలో ఉన్నవి. ఈ పటంలో శోకానికి అనుభావమేదీ లేదు. తల వంచుకొన్నది సూదిని చూడడానికే. కనుక ఆమె ఏడుస్తున్నదని చెప్పడానికి మనకు హక్కు లేదు. ఏడవడం లేదు గదా అని నిశ్చింతగా ఉన్నదని చెప్పడానికీ హక్కు లేదు. చిత్రకారుడు ఆమె మనస్సును ఆమెకే వదలిపెట్టినాడు. వ్యాఖ్యాత కూడా అంత మర్యాద పాటించవలె. పోలిక దీపం వంటిది. చూడడానికి పనికివస్తుంది గాని, చూడవలసిన వస్తువుకు బదులు కాజాలదు.

పలాయనమన్న అభియోగానికి సమాధానం మిగిలినది. మతీస్ చేతులు ముడుచుకొని కూర్చొనలేదన్నది నిజం. బోయెన్‌నుంచి బందీలుగా తరలింపబడిన పౌరుల సహాయార్థం ముద్రణచిత్రాలు తయారుచేసి అమ్మి, ఆ సొమ్ముతో వారికి ఆహారం పంపే ఏర్పాటు చేసినాడు. దేశానికి మేమేమి చేయగలమని అడిగితే, ఇప్పటివలెనే మంచి చిత్రాలు వేస్తూ ఉండండి అని మంత్రి మార్సెల్ సాంబా సమాధానమిచ్చినట్లు ప్రసిద్ధి. కాని ఈ వృత్తాంతాలతో పటానికి యోగ్యతాపత్రం ఇవ్వడం నాకు సమ్మతం కాదు. సచ్చరిత్రుడు చెడ్డ పటం వేయవచ్చును. స్వార్థపరుడు గొప్ప పటం వేయవచ్చును. పటం తన్ను తానే సమర్థించుకోవలె. ఈ పటం సమర్థించుకొంటున్నదనే నా వాదం. యుద్ధం ధ్వంసం చేసేదేమిటో తెలియకపోతే ధ్వంసానికి అర్థమేమున్నది? శవాలను చూపిన చిత్రం యుద్ధం ఏమి చేస్తుందో చెబుతుంది. ఈ చిత్రం యుద్ధం దేనిని చేస్తుందో చెబుతుంది. ఒక మధ్యాహ్నాన్ని, ఒక పాఠాన్ని, ఒక కుట్టును. రెండు రకాల చిత్రాలూ కావలసినవే. మొదటిదానిని మాత్రమే నిజాయితీ అనుకొనేవారు, బ్రతుకు విలువను చావు ద్వారా తప్ప కొలవలేనివారవుతారు.

ఒక మాట ఒప్పుకోక తప్పదు. తరువాత నీస్‌లో వేసిన కొన్ని పటాలలో ఈ బిగువు సడలింది. అక్కడి స్త్రీలకు రేపు లేదు. అలంకారం మాత్రమే ఉన్నది. పలాయనమన్న మాట ఆ పటాలలో కొన్నింటికి తగిలితే తగలవచ్చును. దానిని వెనుకకు తిప్పి ‘సంగీత పాఠం’మీద వేయడం మాత్రం కాలక్రమాన్ని తలక్రిందులు చేయడం.

కాలక్రమం ప్రస్తావన వచ్చింది కనుక మరొక సంగతి. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1944లో, ఫ్రాన్సును ఆక్రమించిన జర్మనుల రహస్య పోలీసులు అమేలీనీ మార్గెరీత్‌నూ నిర్బంధించినారు. ఇద్దరూ ప్రతిఘటనోద్యమానికి రహస్యంగా పని చేసినవారు. తల్లి నెలల తరబడి చెరలో ఉన్నది. కూతురు చిత్రహింసలు అనుభవించి, రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరానికి పోతున్న రైలునుంచి ఎట్లో తప్పించుకొన్నది. అప్పటికి అమేలీ భర్తనుంచి విడిపోయి అయిదేండ్లయినది. ఈ కథ తెలిసిన తరువాత తోటలో తలవంచుకొన్న ఆ స్త్రీని మునుపటివలె చూడలేము. ఆ వంగిన తలలో ఒక ధైర్యం కనిపిస్తుంది. పియానో ముందున్న ఆ యువతిని చూస్తే గుండె కలుక్కుమంటుంది. ఇది సహజం. కాని ఇది 1917 నాటి చిత్రకారుడు పెట్టిన అర్థం కాదు. పటం ధ్వనించే అర్థమూ కాదు. కాలం తరువాత తెచ్చి పటం పాదాల దగ్గర ఉంచిన అర్థం. దానిని గౌరవించవచ్చును, పటంలో ఉన్నదని మాత్రం చెప్పరాదు. కర్త ఉద్దేశించినది, కృతి ధ్వనించేది, కాలం చేర్చినది, ఈ మూడింటినీ వేరువేరుగా పట్టుకోగలవాడే మంచి వ్యాఖ్యాత.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇదే. చిత్రాన్ని గాని పద్యాన్ని గాని తరగతిలో పెట్టినప్పుడు ముందు పేరు చెప్పకండి, తేదీ చెప్పకండి. ఏమున్నదో చూడనివ్వండి. పిల్లలు ‘ఎవరూ ఎవరినీ చూడడం లేదు’ అని తమంతట తాము కనుగొన్న తరువాత తేదీ చెప్పండి. అప్పుడు వారి కన్ను కనుగొన్నదానికి కాలం బలం చేకూరుస్తుంది. తేదీని ముందే చెబితే కాలం కన్నును మూసివేస్తుంది. ఆ తరువాత అదే రచయిత మరొకచోట ఆ వస్తువును ఎట్లా వాడినాడో చూపండి. ఇంత జరిగిన పిమ్మటనే అభిప్రాయం అడగండి. విద్యార్థి ఏ అర్థం చెప్పినా రెండు ప్రశ్నలు వేయండి: ‘అది పటంలో ఎక్కడున్నది? దానిని కాదనేది పటంలో ఏదైనా ఉన్నదా?’ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పలేని అర్థం ఊహ. రెండవ ప్రశ్నను ఓర్చుకోలేని అర్థం మొండితనం. రెండింటికీ నిలిచినది ఉపాధ్యాయునికి తోచని అర్థమైనా, గైడు పుస్తకంలో లేని అర్థమైనా, దానికి మార్కులివ్వవలసిందే.

ఈ పటానికి సంగీత పాఠమని పేరు. పాఠం జరుగుతున్నది గదిలో. గురువు ఎవరో కనిపించరు. వయొలిన్ మౌనంగా ఉన్నది. తోటలోని ఆమెను ఎవరూ పాఠానికి పిలువలేదు. అయినా చూచేవాని కన్ను గదిలో నిలువక, కిటికీ దాటి, ఆకుల మధ్యనుంచి పోయి ఆమె దగ్గరే ఆగుతున్నది. కొడుకు ఇంకా పుస్తకం మూయలేదు. ఆమె చేతిలోని కుట్టు ఇంకా పూర్తి కాలేదు.